ఉత్తరాల సంచి, ఒంటిచక్రం బండి

దారిలో ఏరిన రాళ్లతో ఒక పోస్ట్‌మ్యాన్ 33 ఏళ్లపాటు ఒంటిచేత్తో కట్టిన సౌధం కథ ఇది. ఫ్రాన్స్‌లోని ఓటరీవ్ అనే పల్లెలో ఆ కట్టడం ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉంది.

1879 ఏప్రిల్ నెల. ఫ్రాన్స్ ఆగ్నేయ భాగంలో ద్రోమ్ జిల్లా. గలోర్ నది లోయలో ఒక చిన్న పల్లె. ఆ ఊరి పోస్ట్‌మ్యాన్ ఫెర్డినాండ్ షెవాల్ ఎప్పటిలాగే సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. పల్లెలు, పొలాల్లో ఒంటరిగా ఉండే రైతుల ఇళ్లు, గుట్టల మీది కాలిబాటలు తిరిగి రావాలి. రోజుకు 30 కిలోమీటర్లకు పైనే నడక. పదేళ్లుగా ఇదే వరస. ఆ దారుల్లో ఎత్తుపల్లాలన్నీ ఆయన కాళ్లకు కంఠతా వచ్చు.

ఆ కాళ్లే ఆ రోజు తడబడ్డాయి. రాయి తగిలి ముందుకు తూలాడు. పడినంత పనై ఎలాగో నిలదొక్కుకున్నాడు.

ఎదురుదెబ్బ తగిలితే ఎవరైనా ముందు బొటనవేలు చూసుకుంటారు. షెవాల్ వెనక్కి వచ్చి రాయిని చూశాడు. బొడిపెలు బొడిపెలుగా, ఎవరో పనిగట్టుకుని మలిచినట్టు వింత ఆకారం. వాననీళ్లు కోసి, కాలం గట్టిపరిచిన ఇసుకరాయి అది. మట్టి దులిపి జేబులో వేసుకున్నాడు. తీరిగ్గా చూసుకోవచ్చనుకున్నాడు.

మర్నాడు అదే చోట ఆగి వెతికాడు. అంతకంటే అందమైన రాళ్లు కనబడ్డాయి. అన్నిటినీ ఒక దగ్గర పెట్టి చూసుకుంటే ఒళ్లు పులకరించింది. ఈ సంగతంతా 1897లో ఆయనే ఒక ఉత్తరంలో వివరంగా రాశాడు. శిల్పి పని ప్రకృతే చేసి పెట్టింది కాబట్టి మేస్త్రి పని నేను చేస్తాను అనుకున్నాడట. అప్పటికి ఆయన వయసు 43. జీవితంలో ఏనాడూ తాపీ పట్టి ఎరగడు.

చెప్పుకోలేని కల

షెవాల్ 1836 ఏప్రిల్ 19న ఓటరీవ్‌కు దగ్గర్లోని షార్మ్ అనే ఊళ్లో పేద రైతు ఇంట పుట్టాడు. చదువు అంతంతమాత్రం. చిన్నతనంలోనే బేకరీలో రొట్టెలు చేసే పనిలో కుదిరాడు. 1858లో రోజలీ అనే అమ్మాయితో పెళ్లయింది. మొదటి బిడ్డ పసితనంలోనే పోయాడు. రెండోవాడు సిరిల్. 1867లో తపాలా ఉద్యోగం దొరికింది. మరో రెండేళ్లకు ఓటరీవ్‌కు వచ్చాడు. ఇక కుదురుకున్నాం అనుకుంటుండగా 1873లో రోజలీ చనిపోయింది. 1878లో ఫిలొమెన్‌ను రెండో పెళ్లి చేసుకున్నాడు.

రోజంతా ఒంటరిగా నడిచే మనిషికి తోడు ఆలోచనలే. రాయి తగలడానికి సుమారు 15 ఏళ్ల ముందు ఆయనకో కల వచ్చింది. కలలో ఏదో కట్టాడు. అది కోటో, మందిరమో, గుహో, సరిగ్గా చెప్పలేడు. మెలకువ వచ్చాకా ఆ బొమ్మ చెరగలేదు. నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. తనకే నవ్వొచ్చేది. మేస్త్రి కాడు, శిల్పి కాడు, డబ్బు లేదు. కాలం గడిచేకొద్దీ ఆ కల దాదాపు మరుగున పడింది. మళ్లీ దాన్ని లేపింది ఆ రాయే.

కలకు రంగు రూపు ఇచ్చింది మాత్రం ఆయన ఉద్యోగమే. ఆ కాలంలో ఫ్రాన్స్‌లో బొమ్మలతో నిండిన పత్రికలు విరివిగా వచ్చేవి. ఈజిప్టు సమాధులు, అరబ్బుల మసీదులు, మన దేశపు గుళ్లు, స్విట్జర్లాండ్ చెక్క ఇళ్లు వాటిలో అచ్చయ్యేవి. ఆ తర్వాత దేశదేశాల పోస్టు కార్డులు మొదలయ్యాయి. అవన్నీ ఊళ్లకు చేరేది షెవాల్ సంచిలోనే. దూరదేశాలు చూడని మనిషి భుజం మీద లోకమంతా ఊరేగేది.

జేబులు, బుట్టలు, బండి

మొదట్లో జేబులు నింపుకున్నాడు. బరువుకు జేబులు చిరిగేవి. కుట్టలేక ఇంటావిడ విసుక్కునేదని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత బుట్ట పట్టాడు. అదీ చాలక ఒంటిచక్రపు తోపుడుబండి తెచ్చుకున్నాడు.

పని ఎలా సాగేదో ఒకసారి ఊహించుకోండి. పగలు ఉత్తరాలు పంచుతూ నచ్చిన రాళ్లను దారి పక్కన కుప్ప పోసేవాడు. ఉద్యోగంలో ఆలస్యం పనికిరాదు కదా. డ్యూటీ దిగాక, చీకటి పడ్డాక బండి తోసుకుంటూ మళ్లీ అదే దారి పట్టేవాడు. ముప్ఫై కిలోమీటర్లు నడిచొచ్చిన కాళ్లు మరికొన్ని కిలోమీటర్లు నడిచేవి. ఈసారి ఎదురుగా బరువు. గుంతల దారిలో చక్రం దిగబడితే ఎత్తుకోవాలి. ఇంటికొచ్చాక దీపం వెలిగించి తాపీ పట్టేవాడు.

పెరట్లో ముందు ఒక నీటి తొట్టి తవ్వాడు. దాని మీద రాళ్లూ గవ్వలూ శిలాజాలూ సున్నంతో, సిమెంటుతో పేర్చుకుంటూ పోయాడు. అది జలపాతమైంది. దానికి 'జీవధార' అని పేరు పెట్టాడు. ఆ ఒక్కదానికే రెండేళ్లు పట్టింది. పక్కనే 'జ్ఞానధార' మొదలుపెట్టాడు. ప్లాను లేదు. కాగితం మీద కొలతలు లేవు. ఒక మూల పూర్తయ్యాక అది ఎటు దారి చూపిస్తే అటు సాగాడు. తప్పులు చేస్తూ, విప్పి మళ్లీ కడుతూ, కట్టడం మీదే కట్టడం నేర్చుకున్నాడు.

ఊరు ఊరుకుంటుందా? తోటలో కూరగాయలు వేసుకోక రాళ్లు నింపుకుంటున్న పిచ్చోడన్నారు. ఆ పిచ్చి అంటుకునేది కాదు కాబట్టి ఊరుకున్నారని షెవాలే రాసుకున్నాడు. అయితే ఉత్తరాల పంపకంలో లోటు రానివ్వలేదు. ఎవరికీ హాని చేసే పని కాదు కనుక ఆయన జోలికీ ఎవరూ పోలేదు. నవ్వి వదిలేశారు.

అలీస్

రాయి తగిలిన ఏడాదే ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. అలీస్ అని పేరు పెట్టుకున్నారు. ఒకే ఏడాది మొదలైన రెండు జీవితాలు ఒకే పెరట్లో పెరిగాయి. ఆ పిల్లకు ఊహ తెలిసేసరికే జలపాతాలు లేచాయి. ఆ తర్వాత మెట్లు, గుహలు, బొమ్మలు. లోకంలో ఏ రాజు బిడ్డకూ దొరకని ఆటస్థలం పోస్ట్‌మ్యాన్ కూతురికి దొరికింది.

1894లో అలీస్ చనిపోయింది. వయసు 15.

అక్కడితో ఆ మనిషి పని ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఒక బిడ్డను, భార్యను ముందే మట్టికి అప్పజెప్పినవాడు. వయసు 60కి దగ్గర పడుతోంది. కానీ షెవాల్ తాపీ దించలేదు. 1896లో రిటైరయ్యాడు. అదే ఏడాది సౌధం పక్కనే కట్టుకున్న ఇంటికి కూతురి పేరు కలిసేలా 'విల్లా అలీసియస్' అని పేరు పెట్టాడు. కూతురి పేరున్న గుమ్మంలోంచి రోజూ పనిలోకి దిగేవాడు. ఇక ఉద్యోగం లేదు. రోజు మొత్తం రాళ్లదే.

చుట్టూ తిరిగి చూస్తే

లియోన్ నగరానికి దక్షిణంగా వెళ్తే ఓటరీవ్ వస్తుంది. ఊరి మధ్యలోనే ఉంది 'పలే ఇదేయాల్'. ఆదర్శ సౌధమన్నమాట. పొడవు 26 మీటర్లు. కొన్నిచోట్ల ఎత్తు 10 మీటర్లు దాటుతుంది. ఇది నివాసం కాదు. పడగ్గది, వంటగది ఉండవు. పొడవునా సాగే లోపలి నడవా, ఇరుకు మెట్లు, పైన డాబా, ఎటు చూసినా గూళ్లూ బొమ్మలూ.

తూర్పు ముఖం మీద ముగ్గురు రాక్షసాకారులు నిలబడి ఉంటారు. జూలియస్ సీజర్, ఆర్కిమిడీస్, వెర్సింజెటోరిక్స్. ముగ్గురూ సన్నటి పొడవాటి కాళ్లతో ఒక గోపురానికి ఆసరాగా నిలిచారు. వెర్సింజెటోరిక్స్ ఫ్రాన్స్ గడ్డ మీద రోమన్లను ఎదిరించిన నాయకుడు. ఆయన్ను ఓడించి బందీ చేసింది సీజరే. చరిత్రలో ఒకరితో ఒకరు పోరాడిన ఇద్దరినీ, వాళ్లతో పాటు ఒక శాస్త్రవేత్తనూ తెచ్చి ఒకే బరువు మోయించాడు షెవాల్. చదువుకున్న చరిత్రకారుడికి రాని ఆలోచన ఇది.

పడమటి ముఖానికి వెళ్తే మనకు ఇంకా దగ్గరి విషయం కనిపిస్తుంది. ఒక మసీదు, పక్కనే హిందూ దేవాలయం, స్విట్జర్లాండ్ ఇల్లు, అల్జీర్స్ నగరపు చదరపు భవంతి, మధ్యయుగాల కోట వరసగా చిన్న చిన్న రూపాల్లో ఉంటాయి. వీటిలో ఒక్కదాన్నీ ఆయన కళ్లతో చూడలేదు. మన గుడి లక్షణాలు వెతికితే అందులో దొరకవు. శిల్పశాస్త్రం ప్రకారం అది గుడే కాదు. అయితే మత భేదం లేకుండా, దేశ భేదం లేకుండా అన్నిటినీ ఒకే గోడకు, ఒకే సున్నంతో నిలబెట్టాడు. ఆ కాలంలో యూరప్ దేశాలు ఆసియాను, ఆఫ్రికాను పంచుకునే పనిలో ఉన్నాయి. అల్జీరియాను ఫ్రాన్సే ఏలుతోంది. ఆ రోజుల్లో ఒక పల్లెటూరి పోస్ట్‌మ్యాన్ లోకంలోని కట్టడాలన్నిటికీ సమానమైన చోటిచ్చాడు. నాకు ఈ గోడ ముందు చేతులు జోడించాలనిపిస్తుంది.

దగ్గరికెళ్లి ఒక్క జానెడు మేర గోడను పరిశీలించండి. గుండ్రటి గులకరాళ్లు, చిల్లులు పడ్డ సున్నపురాయి, మధ్యలో గవ్వ, దాన్ని చుట్టి సిమెంటుతో దిద్దిన తీగ. ప్రతి రాయీ అరచేతిలో పట్టేంత. ఒక్కొక్కటీ ఎప్పుడో వంగి ఏరినది, బండిలో వేసుకొచ్చినది, తిప్పి చూసి ఏ వైపు బయటికి కనబడాలో తేల్చుకుని అతికించినది. ఇలాంటి జానెళ్లు కలిస్తేనే ఆ 26 మీటర్ల గోడ. దూరం నుంచి చూసి చాదస్తం అనుకునేవాళ్లు ఇక్కడ నోరు మూసుకుంటారు.

బండికి గౌరవం

ఈ సౌధంలో నా మనసు పూర్తిగా గెలుచుకున్నది ఒక చిన్న గూడు. అందులో దేవుడు లేడు, రాజు లేడు. షెవాల్ తోపుడుబండి ఉంది. పనిముట్లు ఉన్నాయి. అక్కడ చెక్కిన మాటల్లో ఆ బండే తన గురించి తాను చెప్పుకుంటుంది. యజమాని కష్టంలో పాలుపంచుకున్న నేస్తాన్నని, అందుకే ఈ గౌరవం దక్కిందని దాని భావం. దసరా నాడు మన వడ్రంగి ఉలికి, డ్రైవరు లారీకి బొట్టుపెట్టి దండం పెట్టుకున్నట్టే, షెవాల్ తన బండికి ఏకంగా గర్భగుడే కట్టాడు.

గోడల నిండా ఇలాంటి రాతలే. ఇది ఒక్కడి పని అని చాటుకున్నాడు. తాను రైతుబిడ్డనని చెప్పుకున్నాడు. పనికి పట్టిన లెక్క కూడా చెక్కి పెట్టాడు. 10 వేల రోజులు, 93 వేల గంటలు, 33 ఏళ్ల కష్టం.

ఆ లెక్కను ఊరికే చదివి పోకండి. 33 ఏళ్లంటే 12 వేల రోజుల పైమాట. అందులో 10 వేల రోజులు పని చేశాడంటే ప్రతి ఆరు రోజుల్లో ఐదు రోజులు పనిలోనే ఉన్నట్టు. 93 వేల గంటలను ఆ రోజులకు పంచితే రోజుకు 9 గంటలు దాటుతుంది. వాటిలో మొదటి 17 ఏళ్లు ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున వడివడిగా నడిచినా 30 కిలోమీటర్లకు 6 గంటలు కావాలి. ఉత్తరాలిచ్చే సమయం దానికి అదనం. రిటైరయ్యాక ఎక్కువ గంటలు పనిచేసి ఉంటాడు, నిజమే. అయినా ఈ లెక్కలో నిద్ర ఎక్కడుందో వెతుక్కోవాలి.

పని అయ్యాక మిగిలిన టైములో ఏదో చేద్దామనుకునే మనందరికీ షెవాల్ నేర్పే పాఠం ఇదే. ఆయనకు మిగిలిన టైమంటూ లేదు. ఉద్యోగం వేరు, కల వేరు అని ఆయన విడదీయలేదు. నడిచే దారే రాళ్ల గని. మోసే టపాయే గ్రంథాలయం. జీతమే సున్నం, సిమెంటు. ఏ ఉద్యోగం ఆయన్ను కలకు దూరం చేసిందని మనం అనుకుంటామో, ఆ ఉద్యోగం లేకుంటే ఈ సౌధమే లేదు.

రెండోసారి మొదటి నుంచి

1912లో సౌధం పూర్తయింది. షెవాల్‌కు 76 ఏళ్లు. అదే ఏడాది కొడుకు సిరిల్ పోయాడు. రెండేళ్లకు ఫిలొమెన్ కూడా వెళ్లిపోయింది.

తనను, తనవాళ్లను ఈ సౌధంలోనే పూడ్చాలని షెవాల్ కోరిక. అందులో ఈజిప్టు తరహా సమాధి మందిరం ఒకటి అందుకోసమే కట్టుకున్నాడు. చట్టం ఒప్పుకోలేదు. శ్మశానంలోనే ఖననం జరగాలన్నారు.

78 ఏళ్ల మనిషి ఏం చేస్తాడు? ఈయన మళ్లీ రాళ్లు మొయ్యడం మొదలుపెట్టాడు. ఊరి శ్మశానంలో స్థలం తీసుకుని, అదే తీరులో, అవే చేతులతో సమాధి కట్టుకున్నాడు. ఎనిమిదేళ్లు పట్టింది. 1922లో అది పూర్తయ్యేసరికి ఆయనకు 86. 'నిశ్శబ్దం, అంతులేని విశ్రాంతి' అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టుకున్నాడు. 1924 ఆగస్టు 19న, 88 ఏళ్ల వయసులో షెవాల్ కన్నుమూశాడు. తాను కట్టుకున్న చోటే ఉన్నాడు. ఓటరీవ్ వెళ్లేవాళ్లు సౌధం చూసి తిరిగి రాకూడదు. శ్మశానం దాకా వెళ్లాలి.

పిచ్చి అన్నదే వారసత్వమైంది

ఆయన బతికుండగానే జనం చూడటానికి రావడం మొదలైంది. కళాకారులు తర్వాత వచ్చారు. కవి ఆంద్రే బ్రెతోన్ ఆయన్ను తమ సర్రియలిస్టు ఉద్యమానికి ముందువాడిగా తలుచుకున్నాడు. చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ ఆయన పేరుతో ఒక కొలాజ్ చేశాడు. 1937లో పికాసో వచ్చి చూసి బొమ్మలు గీసుకున్నాడు.

ప్రభుత్వం మాత్రం అందరికంటే ఆలస్యంగా కళ్లు తెరిచింది. 1960లలో దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాలా వద్దా అన్న చర్చ వచ్చింది. సాంస్కృతిక శాఖలోని పెద్దలు కొందరు ఇది పరమ వికారమని, మొరటు మనిషి బుర్రలోని పిచ్చి ఊహల కుప్పని తోసిపుచ్చారు. అప్పటి మంత్రి, ప్రముఖ నవలా రచయిత ఆంద్రే మల్రో వాళ్ల మాట వినలేదు. వాస్తువిద్యలో అమాయక కళకు ఇంతటి ఉదాహరణ మరెక్కడుందని వాదించాడు. 1969లో సౌధం చారిత్రక కట్టడమైంది. 1984లో ఫ్రాన్స్ తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. ఆ తర్వాత ఆయన జీవితం మీద ఫ్రెంచిలో సినిమా కూడా వచ్చింది.

ఇది చదువుతుంటే మీకు చండీగఢ్ గుర్తొచ్చే ఉంటుంది. అక్కడ ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసిన నేక్ చంద్, 1950ల చివర్లో సైకిలు మీద రాళ్లు, విరిగిన గాజులు, పింగాణీ ముక్కలు ఏరుకొచ్చి, అడవిలో ఎవరికీ తెలియకుండా రాక్ గార్డెన్ మొదలుపెట్టాడు. ప్రభుత్వ భూమిలో అనుమతి లేని కట్టడం. 1970ల మధ్యలో అధికారుల కంట పడినప్పుడు కూల్చేయాల్సిందే. కూల్చకుండా 1976లో ప్రజలకు తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1990లో ఆ తోటలోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు చండీగఢ్ జనం వాటికి అడ్డంగా నిలబడ్డారు.

ఇలాంటి కట్టడాల వెనుక రాజ్యం ఉండదు, ట్రస్టు ఉండదు, ఇంజినీరు సంతకం ఉండదు. ఒక మనిషి కష్టం ఉంటుంది. ఆ మనిషి పోయాక దాన్ని నిలబెట్టేది చూడటానికి వచ్చే జనమే. ఓటరీవ్‌లో అదే జరిగింది, చండీగఢ్‌లోనూ అదే జరిగింది. కాబట్టి ఎవరో పెరట్లో రాళ్లు పేరుస్తున్నారని విన్నప్పుడు నవ్వి వదిలేయకండి. వెళ్లి చూడండి. ఎన్నేళ్లు పట్టిందని అడగండి. రాళ్లు ఎక్కడివని అడగండి. మీ పిల్లల్ని తీసుకెళ్లండి. షెవాల్ పెరటిని, నేక్ చంద్ తోటను కాపాడింది అలా వెళ్లి చూసినవాళ్లే.